తరుగు పోను నలభై ఎనిమిది

ఆ రోజు తెల్లవారేసరికి ఇంట్లో ఉన్నవాళ్ళు ఐదుగురు. ఇంటి యజమాని దేముళ్ళు, ఆయన భార్య వరహాలమ్మ, ఆయన తల్లి నూకాలమ్మ, కూతురు రత్నం, రత్నానికి బాక్సింగ్ నేర్పే కోటిలింగం మాస్టారు. మాస్టారు లోపలికి రాకుండా వసారాలోనే చెప్పులు విప్పి నిలబడ్డారు. వీళ్ళు కాక వసారా మూలలో నేను. నేను ఒక కాటాని. ఇనుముతో, ఇత్తడితో చేసిన తూకం యంత్రాన్ని. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే కాటా పేరు ఎవరూ చెప్పరు. కానీ ఆ ఉదయం ఐదుగురూ చూసింది నా వైపే.

రత్నం నా పలక మీదికి ఎక్కింది. ఎక్కే ముందు ఊపిరంతా వదిలేసింది, ఊపిరికి కూడా బరువుంటుందేమో అన్నట్టు. దేముళ్ళు నా వెనక్కి వచ్చి, కొక్కేనికి పదేసి కేజీల బిళ్ళలు నాలుగు తగిలించి, దండె మీది ఇత్తడి గుండును వేలి చివరతో జరిపాడు. దండె లేచింది, దిగింది, కాసేపు ఊగింది, నిలిచింది.

“నలబై ఎనిమిదీ!” అని గట్టిగా పిలిచాడు. “తరుగు పోను సరిగ్గా నలబై ఎనిమిది!”

వరహాలమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. నూకాలమ్మ చేతులెత్తి గోడ మీది దేవుడి పటానికి దండం పెట్టింది. మాస్టారు “అమ్మయ్య” అన్నారు. రత్నం మాత్రం తల వంచుకుని పలక దిగింది. ఆ పిల్ల మామూలుగానే ఏమీ అనదు.

నేను చూపించింది నలభై తొమ్మిది.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే నా పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

నేను పుట్టింది పోత ఇనుము కార్ఖానాలో. ఎర్రగా కాగిన ఇనుమును ఇసుక అచ్చులో పోశారు. చల్లారాక నాకు పలక, స్తంభం, కాళ్ళు ఉన్నాయని తెలిసింది. నా ఇత్తడి దండెను ఆకురాయితో రాసిన ముసలాయన పేరు నాకు తెలియదు. ఆయన దగ్గర బీడీ వాసన వచ్చేది. కొంచెం రాసేవాడు, తూచి చూసేవాడు, మళ్ళీ కొంచెం రాసేవాడు. రెండు రోజులు అలా గడిచాయి. చివరికి ఒకే బరువును మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. “ఇంక నిన్ను అబద్ధమాడమన్నా ఆడలేవు” అని నా స్తంభం మీద అరచేత్తో తట్టాడు. అది దీవెన అనుకున్నాను. చాలా కాలం అలాగే అనుకున్నాను.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా నేను బెల్లం మార్కెట్టులో ఉన్నాను. అక్కడ నాకు మనుషులు బాగా తెలిశారు. బెల్లం తూచేటప్పుడు రైతు కాలి బొటనవేలు మెల్లగా నా పలక అంచు మీదికి పాకేది. ఎదుటివైపు షావుకారు మోకాలు కింది నుంచి అదే పలకను కొంచెం పైకెత్తేది. ఇద్దరూ అదే సమయంలో దేవుడి మీద ఒట్లు పెట్టుకునేవారు. ఒకడికి నేను ఎక్కువ చూపించాలి, ఇంకొకడికి తక్కువ చూపించాలి. ఉన్నది ఉన్నట్టు చూపించమని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఈగలకు, చీమలకు మాత్రం నా మీద ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.

దేముళ్ళు అక్కడికి మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో తూకం పనికి వచ్చాడు. మంచివాడు. మోకాలు పెట్టినవాడిని మోకాలు తియ్యమనేవాడు, వేలు పెట్టినవాడిని వేలు తియ్యమనేవాడు. అందుకని ఆయన తూకమంటే అందరికీ గురి. కానీ మార్కెట్టుకు ఒక కట్టుబాటు ఉంది. బెల్లం దిమ్మలను గోనెలో చుట్టి తూస్తారు. గోనెకు అరకేజీ, బెల్లంలోని చెమ్మకు అరకేజీ, మూటకు మొత్తం కేజీ తరుగు. అది ఎప్పుడో ఎవరో పెట్టిన లెక్క. తూచేవాడు నేను చూపించిన అంకె పలకడు. అందులోంచి కేజీ తీసేసి, మిగిలింది గట్టిగా పిలుస్తాడు. నేను యాభై చూపిస్తే ఆయన “నలబై తొమ్మిదీ” అని పిలుస్తాడు. రోజుకు రెండు వందల మూటలు. ముప్పై ఏళ్ళు. మొదట్లో దేముళ్ళు మనసులో లెక్క వేసుకుని కేజీ తీసేవాడు. కొన్నేళ్ళకు మనసుతో పని లేకపోయింది. కన్ను యాభై చూస్తే నోరు దానంతటదే నలభై తొమ్మిది అనేది. నేను చూపించిన అంకెను ఆయన నోటి నుంచి నేను ఒక్కసారి కూడా వినలేదు.

తర్వాత కరెంటు కాటాలు వచ్చాయి. ఎర్ర అంకెలు వాటంతటవే వెలిగేవి, గుండు జరిపే మనిషి అక్కర్లేదు. నన్ను పాత ఇనుము కింద తీసేస్తుంటే దేముళ్ళు చూడలేక, తాను ఇంటికి తీసుకుపోతానన్నాడు. ఆయనను కూడా ఆ వారమే పని మానిపించారు. ఇద్దరం ఒకే రిక్షా బండి మీద ఊరికి వచ్చాం.

“ఓలమ్మో, ఇంట్లో బియ్యం నేవు గానీ తూసీ మిషను తెచ్చీసినాడు మా మావ!” అంది వరహాలమ్మ గుమ్మంలో చేతులు తిప్పుతూ. “మమ్మల్నందర్నీ తూసీసి అమ్మీ.”

“నిన్ను తూత్తే దండె ఇరిగిపోద్దే” అన్నాడు దేముళ్ళు.

కానీ నేను ఆ ఇంటికి బరువు కాలేదు. ఊళ్ళో చింతపండు, జీడిపిక్కలు, మేకపోతులు, ఏది అమ్మినా నా మీదే తూచేవారు. దేముళ్ళు ఏటా తూనికల ఆఫీసుకు తీసుకెళ్ళి నాకు ప్రభుత్వ ముద్ర వేయించేవాడు. ముద్ర పడిన రోజున నాకు నూనె రాసి, తాను తలంటు పోసుకునేవాడు.

బాక్సింగ్ నా దగ్గరికి కోటిలింగం మాస్టారితో వచ్చింది. ఆయన కుర్రతనంలో ఓడరేవులో కూలి పని చేస్తూ, అక్కడి వ్యాయామశాలలో గ్లవ్స్ కట్టి నలభై ఎనిమిది కేజీల తరగతిలో ఆడారు. ఇప్పటికీ ఆయన నా మీద ఎక్కితే యాభై దాటరు. ఊరికి తిరిగొచ్చాక హైస్కూలు పాత రేకుల షెడ్డులో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. బాక్సింగులో మనుషులను బరువును బట్టి తరగతులుగా విడదీస్తారని నాకు ఆయన మాటల వల్లే తెలిసింది. నలభై ఎనిమిది, యాభై, యాభై రెండు, యాభై నాలుగు, అలా పైకి. గీత మీద ఉంటే ఉన్నట్టు, గీత దాటితే వంద గ్రాములైనా దాటినట్టే. వినగానే ఈ ఆట నాకు నచ్చింది. ఇన్నాళ్ళకు నా మాటకు విలువిచ్చే మనుషులు దొరికారనుకున్నాను.

పట్నంలో పోటీలు పెడితే తేలికవాళ్ళ ఆటలు ముందు జరుగుతాయట, పొద్దున్నే, కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు. పెద్ద మనుషులు, దండలు, ఫోటోలు అన్నీ సాయంత్రం బరువైనవాళ్ళకే. కోటిలింగం మాస్టారు కుర్రతనమంతా ఖాళీ కుర్చీల ముందే ఆడారు. ఆ కసితో కాబోలు, మా ఊరి తీర్థంలో, అంటే జాతరలో, బాక్సింగ్ పెట్టినప్పుడు వరస తిరగేశారు. ముందు బరువైనవాళ్ళు, చివర తేలికవాళ్ళు. మొదటి ఏడు జనం నవ్వారు. రెండో ఏడు ఆలోచించారు. మూడో ఏటికి బరువైనవాళ్ళ ఆట నడుస్తుంటే వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుని, తేలికవాళ్ళు తాళ్ళ మధ్యకు రాగానే లేచి నిలబడడం మొదలుపెట్టారు.

“బరువోళ్ళ ఆట లారీలు గుద్దుకున్నట్టుంటాది, ఒక్కపాలి సూత్తే సాలు” అనేవాడు నా మీద మేకను తూయించుకోవడానికి వచ్చిన ఒకాయన. “తేలికోళ్ళది అలా కాదెహె. పిచికలు దెబ్బలాడుకున్నట్టే. కన్ను ఆర్పినావా, పోనాది.”

“నీకు పిచికలు నచ్చుతాయి గానీ ఇంట్లో ఏనుగుని కట్టుకున్నావు” అన్నాడు పక్కవాడు. ఆ మేక తూకం ఆ నవ్వుల్లో మూడుసార్లు చెడిపోయింది.

తీర్థంలో ఆటగాళ్ళను తూచింది నేనే. పిలిచింది దేముళ్ళు. ఎదురెదురుగా ఆడే ఇద్దరికీ కేజీ తరుగు తీసి పిలిచేవాడు. “బట్టలకీ, సెమటకీ” అనేవాడు, ఎవరైనా అడిగితే. ఇద్దరికీ కేజీ తగ్గితే ఇద్దరూ సమానమే కదా. అందుకే ఏ ఆటా చెడలేదు. ఎవరికీ ఏమీ తెలియలేదు.

రత్నం ఆ షెడ్డులోనే ఆట నేర్చుకుంది. ఊళ్ళో ఆ పిల్ల గొంతు విన్నవాళ్ళు తక్కువ. బడిలో హాజరు పలికితే మేష్టారికి వినపడక ఆబ్సెంట్ వేసేవారని వరహాలమ్మ చెప్పి నవ్వేది. కానీ తాళ్ళ మధ్య నిలబడితే వేరే మనిషి. ఎడమ చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో ఎప్పుడు వెనక్కి వచ్చిందో తెలిసేది కాదు. కిందటేడు తీర్థంలో ఆమె ఆట అయ్యాక ముసలివాళ్ళు కూడా తువ్వాళ్ళు గాల్లోకి విసిరారు. ఆ అల్లరి మధ్య రత్నం తల వంచుకుని వచ్చి, ఎవరూ కూర్చోని చోటు కోసం చూసి, నా పలక మీద కూర్చుంది. గుండె కొట్టుకోవడం నా దండెకు తెలిసింది. దండె సన్నగా వణుకుతూనే ఉంది.

ఈ ఏడు వేసవిలో మాస్టారు ఒక కాగితం తెచ్చారు. ఆటల హాస్టల్లో ఒక్కో బరువు తరగతికి ఒక్కో అమ్మాయిని తీసుకుంటారు. తిండి, చదువు, శిక్షణ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. యాభై కేజీల చోటు ఇప్పటికే సముద్రం ఒడ్డు ఊరి పిల్లకు వెళ్ళిపోయింది. నలభై ఎనిమిది ఖాళీగా ఉంది. ఎంపిక మా ఊరి హైస్కూలులోనే పెట్టమని మాస్టారు బతిమాలి ఒప్పించారు. తేలికవాళ్ళ ఆటకు ఇంత జనం వచ్చే ఊరు ఇంకెక్కడా లేదని హాస్టల్ ఆఫీసువాళ్ళకూ తెలుసు.

ఎంపిక కాకపోతే ఏమవుతుందో కూడా ఇంట్లో అందరికీ తెలుసు. వరహాలమ్మ రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తొక్క తీస్తుంది. ఆమె వేళ్ళు ఉబ్బి, తెల్లబడి, రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా వంగవు. కంపెనీ బస్సు తెల్లవారుజామున ఊరి మొగదలకు వస్తుంది. వచ్చే సోమవారం నుంచి రత్నం కూడా ఎక్కాలని ఖాయమైపోయింది. పేరు కూడా రాయించేశారు.

“ఆ సీటు వత్తే పేరు కొట్టించీవచ్చు” అంది వరహాలమ్మ. రత్నం తల్లి వేళ్ళ వైపు చూసి, తన చేతులను వెనక్కి దాచుకుంది.

ఐదు వారాల నుంచి రత్నం బరువు దించుతోంది. మొదట అన్నం మానేసి రాగులతో కాచే చోడి అంబలి తాగింది. తర్వాత అంబలి కూడా సగం చేసింది. పొద్దున్నే పొలాల గట్ల మీద పరుగు. రోజూ నా మీద ఎక్కడం, దేముళ్ళు తరుగు తీసి పిలవడం. షెడ్డులో మాస్టారి దగ్గర ఒక చిన్న తూకం యంత్రం ఉండేది గానీ దాని స్ప్రింగు పోయి రెండేళ్ళయింది. “దేముళ్ళు సెయ్యి ఉండగా మనకి యంత్రాలేటి” అని ఆయన దండె వైపు వంగి చూడను కూడా లేదు. తూకం ఎక్కినవాళ్ళకు దండె కనిపించదు. అది స్తంభం వెనక, తూచేవాడి వైపు ఉంటుంది. నన్ను చేసినవాళ్ళకు ఈ సంగతి తట్టలేదు. తూగేవాడికి తన బరువు ఇంకొకడు చెప్పాలి.

ఒక్కసారి మాత్రం రత్నం నన్ను తనే అడిగింది. ఎంపికకు వారం ముందు, ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం. ఆ పొద్దున తండ్రి నలభై ఎనిమిదనే పిలిచాడు. నాలుగు బిళ్ళలు తగిలించి, గుండును ఎనిమిది గీత మీద పెట్టి, వచ్చి పలక మీద ఎక్కింది. తన బరువు నలభై ఎనిమిదైతే దండె మధ్యలో తేలాలి. నేను ఉన్న నిజమంతా కూడగట్టుకుని దండెను పైకి లేపాను. అది వెళ్ళి పైకమ్మీకి టక్కుమని తగిలింది. ఎక్కువ. ఇంకా ఎక్కువ ఉన్నావమ్మా. అంతకంటే గట్టిగా చెప్పడం నాకు చేతకాదు. రత్నం ఆ చప్పుడు వింది. దిగింది. గుండు సరిగ్గా పెట్టానా అని చూసుకుంది, మళ్ళీ ఎక్కింది. మళ్ళీ టక్కుమంది. చాలాసేపు నా ముందు నిలబడింది.

సాయంత్రం తండ్రి వచ్చాక అడుగుతుందనుకున్నాను. తండ్రి నీళ్ళ చెంబు అందుకుని, “ఏటమ్మా, ఏటో అడగాలనుకుంటన్నావు?” అన్నాడు కూడా. ఆ పిల్ల నా వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ముప్పై ఏళ్ళు తూకం పట్టిన మనిషిని నీకు తూకం వచ్చా అని అడగడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

“ఏటీ నేదు నాన్నా” అంది.

అలా ఆ రోజు వచ్చింది. నలభై ఎనిమిదని దేముళ్ళు పిలిచాక, నన్ను వసారాలో వదిలి ఐదుగురూ హైస్కూలుకు వెళ్ళారు. రత్నం ముందు రోజు మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. నేను చెయ్యగలిగింది లేదు. బరువు లేనప్పుడు దండె ఊరికే కింద పడి ఉంటుంది.

గంట తిరక్కుండానే దేముళ్ళు పరుగున వెనక్కి వచ్చాడు, ఆటో తీసుకుని. మొహం వెలిగిపోతోంది. ఆటోవాడితో చెప్తుంటే నాకు సంగతి తెలిసింది. ఆఫీసువాళ్ళు తెచ్చిన కరెంటు కాటా దారిలో వానకు తడిసి, ఎక్కినప్పుడల్లా ఒక అంకె చూపిస్తోందట. ఒకే పిల్ల ఒకసారి నలభై ఆరు, ఇంకోసారి యాభై ఒకటి. ఎంపిక వాయిదా వేస్తామంటుంటే దేముళ్ళు ముందుకెళ్ళి, “మా ఇంటికాడ ముద్దరున్న కాటా ఉన్నాది మేడం. బేగి తెచ్చీత్తాను” అన్నాడట.

నన్ను ఆటోలో పడుకోబెట్టి, నా దండె ఊగకుండా దారంతా ఒళ్ళో పట్టుకున్నాడు. “నీ మీద ఆ పిల్ల బతుకు నిలబడిపోద్దిరా ఇయ్యాల” అన్నాడు నాతో. మార్కెట్టులో ఉన్నన్నాళ్ళూ ఆయన నాతో అలా మాట్లాడలేదు. నాకు నోరుంటే ఆ దారిలోనే అరిచేవాడిని. వెనక్కి తిప్పించేవాడిని.

హైస్కూలు ఆవరణలో పొద్దున ఏడున్నరకే జనం కిక్కిరిసి ఉన్నారు. అందరూ తేలికవాళ్ళ ఆట కోసం వచ్చినవాళ్ళే. నన్ను ఎనిమిదో తరగతి గదిలో దించారు. ఎంపిక చేసే సుభాషిణి మేడం జాగ్రత్త గల మనిషి. ముందు నా ముద్ర చూసింది. తర్వాత మాస్టారి షెడ్డు నుంచి ఇరవై కేజీల ఇనప బిళ్ళ తెప్పించి నా మీద పెట్టింది. సరిగ్గా ఇరవై. “మంచి కాటా” అంది. దేముళ్ళు గుండు జరపడం ఆమెకు నేర్పాడు. లోపల ఆడపిల్లలు తూగుతారు కాబట్టి మగవాళ్ళు ఉండకూడదు. “మీరు తలుపు దగ్గర ఉండి ఒక్కొక్కరినే పంపించండి. తొమ్మిదింటికి తలుపు వేసేస్తాం. అప్పటి దాకా గీత మీద లేనివాళ్ళు మళ్ళీ వచ్చి ఎక్కొచ్చు” అంది మేడం. దేముళ్ళు రెండు రెక్కల తలుపు బయట బంట్రోతులా నిటారుగా నిలబడ్డాడు.

రత్నం మూడో పిల్ల. చొక్కా కూడా తీసేసి పలచని బనీనుతో ఎక్కింది. మేడం గుండు జరిపింది. నా దండె లేచింది, దిగింది, నిలిచింది. మేడం వంగి చూసింది. ఇంకోసారి చూసింది.

“నలభై ఎనిమిది కేజీల ఏడు వందల గ్రాములు.”

తలుపు అవతల నుంచి దేముళ్ళు గొంతు నవ్వుతూ వినిపించింది. “తరుగు తియ్యనేదు మేడం! తరుగు తీసి పిలవాలి!”

“తరుగేమిటి?”

“బట్టలకీ, సెమటకీ. కేజీ. మూటకి గోనె తీసినట్టే.”

లోపల ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడం నవ్వలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పింది. “ఇది బెల్లం కాదండీ. బట్టలు విప్పించే తూచాం. కాటా చూపించిందే లెక్క.”

తలుపు అవతల మాస్టారి గొంతు లేచింది. “దేముళ్ళూ, ఇంటికాడ కాటా ఎంత సూపించినాది? నువ్వు పిలిసింది కాదు, కాటా సూపించింది?”

“నలబై తొమ్మిది” అన్నాడు దేముళ్ళు. ఆయన నోటి నుంచి నేను చూపించిన అంకె రావడం అదే మొదటిసారి.

“ఓరి నీ తూకం తగలెయ్య” అన్నారు మాస్టారు. అంతలోనే గొంతు మారిపోయింది. “నిన్నేటి అనాలి. నాను ఒక్కపాలి వంగి సూసుంటే పోయీది.”

రత్నం ఇంకా నా మీదే ఉంది. దండె వణుకుతోంది. ఆమె ఏడవలేదు. “టైం ఎంతైంది మేడం?” అని అడిగింది. అంతమంది ముందు ఆమె గొంతు పైకి వినబడింది. ఎనిమిదీ పది. దిగి, చొక్కా వేసుకుని, చెమట బాగా పట్టేలా దాని మీద మాస్టారి ప్లాస్టిక్ వాన కోటు తొడుక్కుని మైదానంలోకి పరిగెత్తింది.

తూకం లేనప్పుడు తలుపు తెరిచే ఉంచేవారు కాబట్టి నాకు మైదానంలో ఒక ముక్క కనిపించేది. ఆ ముక్కలోంచి రత్నం వెళ్ళేది, మళ్ళీ తిరిగి వచ్చేది. సంగతి జనంలోకి పాకిపోయింది.

“ఏడొందల గ్రాములంటే ఏటిరా?”

“మూడు గళాసుల టీ.”

“మూడు గళాసుల టీకి పిల్ల బతుకు ఆపీత్తారేటి!”

కాసేపటికి ఆమె వెనక నలుగురు ఆడపిల్లలు పరిగెత్తారు. తర్వాత పది మంది. పిచికల మాట చెప్పిన మేక ఆసామి కూడా పంచె ఎగ్గట్టి ఒక చుట్టు పరిగెత్తి కూలబడ్డాడు. “లగెత్తమ్మా రత్నం, లగెత్తు!” అని అందరూ అరుస్తున్నారు. వాళ్ళకు ఆమె మీద ఎంత ప్రేమో నాకు వినిపిస్తూనే ఉంది. అంత ప్రేమా కలిసి ఆ పిల్లను ఇంకొక చుట్టు పరిగెత్తించడానికే పనికొచ్చింది. నూకాలమ్మ ఎవరింట్లోంచో చింతపండు తెచ్చి మనవరాలి నోట్లో పెట్టింది. పుల్లదనానికి లాలాజలం ఊరుతుంది, ఊరింది ఊరినట్టు ఉమ్మేయమని. మొదట రెండు మూడుసార్లు ఉమ్మింది. తర్వాత నోట్లో ఏమీ ఊరలేదు.

ఎనిమిదీ నలభైకి వచ్చి ఎక్కింది. నలభై ఎనిమిది కేజీల మూడు వందల గ్రాములు. నేను ఇంతకు ముందెప్పుడూ ఒక అంకెను చూపించడానికి సిగ్గుపడలేదు. కార్ఖానా ముసలాయన రాసిన ఆ దండెను ఎవరైనా విరిచేస్తే బాగుండునని ఆ క్షణం అనిపించింది.

“జుట్టు” అంది రత్నం. పెదవులు పగిలి, మాట అంటుకుపోతోంది. “జుట్టు తీసీ అమ్మా.”

వరహాలమ్మ ఆ జడను కూతురికి నాలుగో ఏటి నుంచి అల్లుతోంది. మేడం కాగితాలు కత్తిరించే కత్తెర ఇచ్చింది. ఉబ్బిన వేళ్ళకు కత్తెర సరిగ్గా పట్టలేదు. కత్తిరించడం కాదు, నమలడంలా ఉంది. నూకాలమ్మ చూడలేక గోడ వైపు తిరిగింది. జడ నేల మీద పడింది. రత్నం మళ్ళీ ఎక్కింది. నలభై ఎనిమిది కేజీల రెండు వందల గ్రాములు. మేడం గుండును వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా మూడుసార్లు సరిచూసింది. రెండు వందలే.

“సరిపోతాది” అని రత్నం మళ్ళీ వాన కోటు అందుకుంది. మాస్టారు తలుపు దగ్గర ఆమె మణికట్టు పట్టుకుని చూశారు. మొహం మీద చెయ్యి పెట్టి చూశారు. “ఒళ్ళు కాలిపోతంది. సెమట ఆగిపోనాది” అన్నారు. ఆమె విదిలించుకుని వెళ్ళిపోయింది. మాస్టారు దేముళ్ళు వైపు తిరిగారు. “ఆపు దేముళ్ళూ. సెమట ఆగినాక పరిగెడితే ఏటవుద్దో నాను సూసినాను, ఓడరేవులో ఒకడు అలాగే పోనాడు. నా మాట ఇనదు. నువ్వు ఆపు.”

“ఏ మొకం ఎట్టుకుని ఆపను?” అన్నాడు దేముళ్ళు.

మైదానంలో అరుపులు కొనసాగాయి. తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. నాకు కనిపించే ముక్కలోకి రత్నం రాలేదు. మళ్ళీ ఎవరో “లేచింది, లేచింది” అన్నారు. వచ్చింది. పరుగు కాదు, నడక కూడా కాదు. కాళ్ళు ఒకదాన్ని ఒకటి వెతుక్కుంటున్నాయి. ఇంకోసారి మోకాళ్ళ మీద పడింది, చేతులతో నేలను తోసి లేచింది. గడ్డం మీద మట్టి. కళ్ళు లోపలికి పోయాయి. ఆ చిన్న జుట్టుతో ఎవరి పిల్లో అన్నట్టుంది.

“ఇంకా మూడు నిమిషాలున్నాయి” అంది లోపల మేడం, గడియారం చూస్తూ. గుండును ఎనిమిది గీత మీద పెట్టి సిద్ధంగా ఉంచింది. నా పలక ఖాళీగా ఉంది. నేను ఎదురుచూశాను. రెండు వందల గ్రాములు ఆ మట్టిలో పోయాయో, పోలేదో. ఎక్కితే చెప్తాను. ఎక్కితే గాని నాకు ఏదీ తెలియదు.

ఆమె మెట్టు ఎక్కింది. గుమ్మానికి రెండు అడుగుల దూరంలో ఉంది. దేముళ్ళు కూతురి మొహం చూశాడు. ఆమె కాళ్ళు చూశాడు. గదికి వీపు పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“తప్పుకో నాన్నా. టైముంది.”

“సాలమ్మా. ఇంక సాలు.”

“ఒక్కసారి. ఒక్కసారి ఎక్కనీ. తప్పు నీది నాన్నా, నాది కాదు. నన్ను ఎక్కనీ.”

అంత పొడుగు మాట ఆమె తండ్రితో ఎప్పుడూ మాట్లాడి ఉండదు. దేముళ్ళు చేతులు వెనక్కి చాచి తలుపు రెక్కలు రెండూ తడిమి పట్టుకున్నాడు. ఆయన భుజం మీదుగా ఆమె మొహంలో సగం నాకు కనిపిస్తోంది. ఒక కన్ను, మట్టి అంటిన చెంప. ఆ కన్ను తండ్రిని చూడడం లేదు. నన్నే చూస్తోంది.

ఆయన తలుపు లాగేశాడు.